దిష్టి తగలకూడదని తాకిన పన్ను

మా గోనారియా సాధించిన మొదటి విజయం, ఐదువేల ఏళ్లనాటి పన్నులోంచి తల్లివరస తీయడం. అంతకుముందు ఎన్నో పళ్లు పొడైపోయాయి గానీ ఏమీ చెప్పలేదు. సార్డీనియా దీవి కొండల్లో గొర్రెల పాలు పితికే ఇంట పుట్టి ప్రయోగశాలలో చేరిన మొదటి పిల్ల మా చెల్లెలు బిల్లియా కూతురైన ఈ గోనారియానే. జున్ను పందెంలో పెద్దవాళ్లను ఓడించిందీ, వరదలో పడ్డ పొట్టేలును ఈడ్చుకొచ్చిందీ ఆమే.

తల్లివరస అంటే తల్లి నుంచి బిడ్డకు దిగే జన్యువుల గుర్తు, అక్షరాల వరసలా చదువుతారు. కొడుకులకూ వస్తుంది గానీ వాళ్ల దగ్గరే ఆగిపోతుంది. నా దగ్గర ఆగినట్టు. ఆ పన్ను దొరికిన రాతిగుహ సమాధిలోని ఆడమనిషి వరస, మా బిల్లియా ఇచ్చిన ఉమ్మిలోని వరసతో అక్షరం తేడా లేకుండా సరిపోయింది. ఊరంతా పందిపిల్లలు కాల్చి విందు చేసుకున్నాం. "ఐదువేల ఏళ్లుగా ఇక్కడే" అని ఊరి మొదట్లో రాతిపలక పెట్టించింది నేనే.

విందులో గోనారియా ఒక్క ముక్క ముట్టలేదు. ఇంటికొచ్చి కూలబడింది.

"అమ్మా, అన్నేళ్లలో ఒక్క అక్షరమైనా మారాలి. మారలేదు. అది నా వరసే. ఆ పన్ను చూడగానే ఎంత ముద్దుగా ఉందో అనేశాను. చేతి తొడుగు తీసి తాకాను, నా చెమటే దానికి అంటింది."

"తాకక? పొగిడి తాకకపోతే దిష్టి కొట్టదూ! నేను నేర్పిందేగా," అంది బిల్లియా.

"ఎప్పుడో చచ్చినదానికి దిష్టేంటమ్మా!"

"ఏమో, పన్ను బాగుందన్నావుగా."

నేను కల్పించుకున్నాను. "పలక చెక్కించేశాం. ఎవరికి తెలుస్తుందే? ఊరుకో."

"నాకు తెలుసు మామయ్యా. ఆవిడ నోట్లో నా మాట పెట్టాను. తనెవరో తనను చెప్పనివ్వలేదు."

ఆదివారం గుడి బయట అందరి ముందూ చెప్పేసింది. కాపరి బోబోరే పకపకా నవ్వాడు. "అయితే ఆ ఐదువేల ఏళ్ల ముసలిదానివి నువ్వేనన్నమాట!" అందరూ నవ్వారు. ఆమె తల ఎత్తలేదు. తన చేత్తోనే పలకకు గోనెపట్టా కట్టింది.

అదే దవడలో ఎవరూ తాకని పన్ను ఇంకొకటి ఉంది. దాన్ని పెట్టెలో మూసి, సముద్రం దాటి, పెద్ద ప్రయోగశాలలో వేరేవాళ్ల చేతుల్లో పెట్టడానికి వెళ్లింది. "చేతులు జేబులో ఉంచుకో," అంది బిల్లియా రేవులో. ఈసారి కూతురు నవ్వబోయి ఏడ్చింది.

ఫలితం ఏదైనా తనే వచ్చి, పలక దగ్గర నిలబడి చెబుతానంది. ఒకటి రెండు అక్షరాలు మారినా వరస మాదైతే గోనెపట్టా విప్పుతాం. కాకపోతే, పెట్టించిన చేతులతోనే పలక పీకుతాను. ఆమె ఓడ సెప్టెంబరు ఎనిమిదిన, మరియమ్మ పుట్టినరోజు పండుగనాడు, రేవుకు వస్తుంది.