మొలతాటి ఉప్పు

క్లీన్‌రూములోకి కొత్తగా వచ్చే పిల్లలకి ఇంగ్లీషు నియమాలు బుర్రకెక్కడం లేదని, అదే సంగతి తెలుగులో ఓ పది పేజీలు రాసి పెట్టమని మా డైరెక్టరుగారు పోయిన వారం నాకు పురమాయించారు. పద్నాలుగేళ్లుగా ఆ గదిని అంటిపెట్టుకుని ఉన్నవాణ్ణి నేనే కనక ఈ రాత కూడా నా నెత్తినే పడింది. లోపలికి ఏమేం తేకూడదో రాస్తున్నాను. పౌడరు, కాటుక, కొబ్బరినూనె, విభూతి, చేతి తాళ్లు, పెన్సిలు అంటూ రాసుకుపోయి, ఆ తర్వాత 'ఉప్పు' అని రాయబోతే చెయ్యి ఆగిపోయింది. ఉప్పెవడు తెస్తాడు, ఇదేమన్నా వంటగదా అని చదివినవాళ్లు నవ్వుతారు. నవ్వనీ. తెచ్చినవాడొకడున్నాడు, వాడు నేనే.

తెలియనివాళ్ల కోసం ముందు ఆ గది సంగతి చెప్పాలి. విజయనగరం దాటాక హైవేకి ఎడమపక్కన మా విశ్వవిద్యాలయం, దాని వెనకవైపు కిటికీ అన్నది లేని ఓ తెల్ల భవనం. బయట జీడితోటలు, ఎర్రమట్టి, ఎండాకాలం దుమ్ము. లోపల మాత్రం ధూళి కణం కూడా ఉండకూడదు. కంప్యూటర్లలో వాడే చిప్పులున్నాయే, వాటిని సిలికాన్ బిళ్లల మీద తయారుచేయడం నేర్చుకునే చోటు అది. ఆ బిళ్లల్ని కొలిమిలో ఉండే గాజులాంటి పెద్ద గొట్టంలో పెట్టి ఎర్రగా కాలిస్తే వాటి మీద కంటికి కనపడని పొర ఒకటి పెరుగుతుంది. మా బతుకంతా ఆ పొర మీదే. దానికి చెమట పడదు, ఊపిరి పడదు, అన్నిటికన్నా ముఖ్యంగా ఉప్పు పడదు. ఉప్పులోని సోడియం పొరలో దూరిందంటే ఇక కుదురుగా ఉండదు, తిరుగుతూనే ఉంటుంది, బిళ్ల పనికిరాకుండా పోతుంది. నేనేమో నౌపడ ఉప్పుమళ్లలో పుట్టి పెరిగినవాణ్ణి. మా అమ్మానాన్నల అరికాళ్లు ఏడాది పొడుగునా ఉప్పుకి పగిలి ఉండేవి. అలాంటి ఇంటినుంచి అలాంటి గదిలోకి వెళ్లాను.

కొత్తగా చేరినవాడికి ఆరు వారాలు పరీక్షాకాలం. ఆ ఆరు వారాలూ ఒక సీనియర్ పక్కన ఉండాలి, వాడేం చేసినా ఆ సీనియర్ పేరు మీదే పడుతుంది. తప్పు జరిగితే లోపలికి వెళ్లనిచ్చే కార్డు పోతుంది, కార్డు పోతే పరిశోధనే లేదు. నా అదృష్టం కొద్దీ నాకు దొరికిన సీనియర్ పొందూరావిడ. అందరూ అక్కా అనేవాళ్లు, నేనూ అక్కా అన్నాను. వాళ్లింట్లో తరాలుగా నూలు వడుకుతారు. "మా ఇంట్లో దూది ఎగరకపోతే అన్నం లేదు, ఇక్కడ పీచు ఎగిరితే అన్నం లేదు. ఏటి బతుకురా నాది!" అని తనమీద తనే నవ్వుకునేది. ఆ ఏడు దసరాకి ఆవిడ ఫెలోషిప్పు గడువు అయిపోతుంది. ఈలోగా కొలిమిలో ఇంకో మూడుసార్లు బిళ్లలు కాల్చుకుంటే థీసిస్ పూర్తి. ఆరేళ్ల చదువు ఆ మూడు కాల్పుల మీద ఆగి ఉందని నాకు మొదటి రోజే చెప్పింది.

నేను బయల్దేరేముందు మా అమ్మ చేసిన పని చెప్పాలి. మా మడిలో పండిన ఉప్పుకల్లు నాలుగు పాతచీర పేలికలో మూటగట్టి, నా మొలతాటికి తనే ముడేసింది. "పెద్ద సదువుకెల్తన్నావు, నలుగురి కళ్లూ పడతాయి. ఇది మన మడిలోది. కరిగేదాకా తియ్యకురా నాయినా" అంది. ఎమ్మెస్సీ చదివినవాణ్ణి, దిష్టి లేదూ గిష్టి లేదూ అనొచ్చు కదా. అనలేదు. మా అమ్మతో వాదన పెట్టుకుని గెలిచినవాడు మా వైపు ఇంకా పుట్టలేదు.

సూటు వేసుకునే గదిలో మొదటి రోజు అక్క ఒక్కొక్కటీ చూపించింది. ముందు తలకి తొడుగు, తర్వాత మూతికి మాస్కు, తర్వాత పైనుంచి కిందిదాకా ఒంటి సూటు, కాళ్లకి బూట్లు, అన్నిటికన్నా ఆఖర్న చేతి తొడుగులు. "తాళ్లూ గీళ్లూ ఏవైనా ఉంటే తీసెయ్యిరా" అంది. చేతి తాడు తీసేశాను. మొలతాడు మాట ఆడమనిషి ముందు ఎలా ఎత్తను? బతికున్న మగవాడు మొలతాడు తియ్యకూడదని మా ఇంట్లో పట్టింపు కూడాను. నోరు మూసుకున్నాను. కంగారులో చేతి తొడుగులు ముందే వేసేసుకున్నాను. జూన్ నెల ఉక్క, చెమటకి ఆ మూట తడిసి నడుము దగ్గర ఒకటే మంట. అక్క వంగి బూట్లు కట్టుకుంటుంటే, తొడుగులున్న చేతిని అలాగే సూటులోకి పోనిచ్చి మూటని పక్కకి జరిపి, జిప్పు పైకి లాగేశాను. అర నిమిషం పని.

లోపల పసుపుపచ్చ దీపాలు, చల్లగాలి, ఎడతెగని ఫ్యాన్ల హోరు. బిళ్లల్ని నిలబెట్టే గాజు చట్రాన్ని వాళ్లు బోటు అంటారు. మా ఊళ్లో బోటంటే సముద్రం మీద పోయేది, ఇక్కడిది అరచెయ్యంత. దాన్ని కొలిమి గొట్టంలోకి తోసే పని అక్క నాకిచ్చింది. "బయపడకు, నానున్నాను కదా" అంది. కడ్డీతో తొయ్యాలి, చేత్తో ముట్టకూడదు. అది ఓ పక్కకి ఒరిగింది, పడిపోతుందేమోనని చేత్తో పట్టేశాను. "పర్లేదులే, తొడుగులున్నాయి" అంది అక్క. అప్పుడు ఆ మాట ఎంత హాయిగా ఉందో!

నాలుగో రోజుకి కొలిమిలోంచి వచ్చిన బిళ్లలన్నీ చెడ్డవే, అక్కవీ, మిగతావాళ్లవీ. పరీక్ష చేయిస్తే సోడియం అని తేలింది. ఇన్‌చార్జి మాస్టారు అందరినీ నిలబెట్టి ఆ మాట చెప్పినప్పుడు నా నడుం దగ్గర మూట నిప్పుకణికలా తగిలింది. ఆ క్షణంలోనే తెలిసిపోయింది నాకు. తర్వాత తెలిసిందని అబద్ధమాడను. ఆ సాయంత్రం హాస్టల్ స్నానాలగదిలో ముడి విప్పి, ఉప్పుని నీళ్లలో కలిపి తూములో పోసేశాను. మర్నాడు అమ్మ ఫోన్ చేసి "ఉన్నాదా?" అంటే "ఉందమ్మా" అన్నాను.

మాస్టారు ఒక్కొక్కరినీ పిలిచి అడిగారు. నన్ను అడిగేటప్పుడు అక్క పక్కనే ఉంది. నేను నోరు తెరిచేలోపే, "ఈడు మంచోడు సార్. నేనే దగ్గరుండి సూటు తొడిగించాను. ఈడి వల్ల అయుండదు" అంది. మాస్టారు నావైపు చూశారు. "ఏమీ తేలేదు సార్" అన్నాను. కార్డు పోతుందన్న భయం ఉంది, కాదనను. కానీ అసలు సిగ్గు వేరు. సైన్సు చదివినవాడు మొల్లో దిష్టి ఉప్పు కట్టుకుని క్లీన్‌రూముకొచ్చాడని నవ్వుతారే, ఆ నవ్వుకి భయపడ్డాను. ఛీ, ఎంత చిన్న భయం!

ఉప్పు ఎక్కణ్ణించి వచ్చిందో తేలేదాకా కొలిమి ముట్టించేది లేదని మాస్టారు తాళం వేశారు. ఆయన తప్పేమీ లేదు, నియమం అది. అనుమానమంతా నీళ్ల మీదికి పోయింది. నీళ్లు శుద్ధిచేసే యంత్రానికి కొత్త వడపోతలు కావాలన్నారు. దానికి టెండరు, టెండరుకి సంతకాలు, సంతకం పెట్టాల్సిన ఆయన సెలవులో. వానాకాలమంతా అలాగే గడిచింది. రోజూ సాయంత్రం మేమిద్దరం క్యాంటీన్లో ఎదురెదురుగా కూర్చుని టీ తాగేవాళ్లం. "ఈ వారం తెరుస్తారంటావేట్రా?" అని అడిగేది. "తెరుస్తారక్కా" అనేవాణ్ణి. ప్రతిసారీ చెప్పేద్దామనే కూర్చునేవాణ్ణి, గ్లాసు ఖాళీ అయ్యేది, లేచిపోయేవాళ్లం. వడపోతలు దసరా వెళ్లాక వచ్చాయి, కొలిమి గొట్టం కూడా అప్పుడే కడిగారు. అప్పటికి గడువు దాటిపోయింది, పొడిగించమన్న అర్జీ వెనక్కి వచ్చింది. అక్క తన లాకరు ఖాళీ చేసి, తాళంచెవి నా చేతికే ఇచ్చి వెళ్లిపోయింది. "నువ్వైనా పూర్తి సెయ్యిరా తమ్ముడూ" అంది. పూర్తి చేశాను. ఉద్యోగం కూడా అక్కడే వచ్చింది.

ఆ 'ఉప్పు' అన్న మాట దగ్గర ఆగిపోయిన కాగితం వారమంతా బల్లమీదే ఉంది. మొన్న ఆదివారం ప్యాసింజరెక్కి చీపురుపల్లిలో దిగాను. అక్క అక్కడే ఒక జూనియర్ కాలేజీలో ఫిజిక్సు చెబుతోంది. రెండు గదుల ఇల్లు, చాపమీద పరీక్ష పేపర్ల గుట్ట, జుట్టు సగం నెరిసింది. నన్ను చూసి ఎంత సంబరపడిందో! "ఒరే, పెద్ద ఆఫీసరువైపోయావటగా! కూకో, టీ ఎట్టేస్తాను" అని లోపలికెళ్లబోతే, వద్దక్కా అని నిలబడే మొత్తం చెప్పేశాను. మొలతాడు, మూట, తొడుగులు, అన్నీ.

మొదట నవ్వింది. "ఉప్పా? మొల్లోనా?" అని పడీపడీ నవ్వింది. తర్వాత నవ్వు ఆగిపోయింది. ఎర్రసిరా పెన్ను మూత తీసింది, మళ్లీ పెట్టింది.

"నీళ్లు బాగోలేక నా పని పోయిందని పిల్లలకి ఏటేటా కతలా సెప్తన్నాన్రా. మా నాన్న పోయేదాకా ఆ నీళ్లనే తిట్టినాడు. నువ్వు నాలుగు నెలలు నా ఎదర కూకుని టీ తాగినావు కదరా!"

పెన్ను పేపర్ల గుట్ట మీద పడేసింది.

"ఆ రోజే సెప్పుంటే ఏటయ్యేది?" అంది. కోపంగా కాదు, లెక్క అడిగినట్టు అడిగింది. కొలిమి శుద్ధిచేయించే పని ఇప్పుడు నాదే, జవాబు నాకు బాగా తెలుసు. అబద్ధమాడితే బాగుండుననిపించింది కానీ, ఆవిడ ముందు ఇంకొక అబద్ధానికి నోరు రాలేదు.

"గొట్టం యాసిడ్‌తో కడిగి, ఒక రోజు ఖాళీగా కాల్చి, మూడోనాడు నీకిచ్చేసేవాళ్లం అక్కా."

"మూడోనాడు" అంది. అని మళ్లీ పేపర్లు దగ్గరికి లాక్కుంది. ఒక పేపరు దిద్దింది, రెండోది దిద్దింది. "బండి టైమవతాది, ఎల్లు" అంది తలెత్తకుండా.

స్టేషన్లో బండి వచ్చేదాకా సిమెంటు బల్ల మీద కూర్చున్నాను. చెప్పేస్తే గుండె తేలికవుతుందనుకుంటూ వెళ్లినవాణ్ణి నేను. తేలికా లేదు, పాడూ లేదు. మూడు రోజుల్లో తీరిపోయే తప్పుని పద్నాలుగేళ్లు దాచుకున్నాను. ఆ పద్నాలుగేళ్లూ నావి కావు, ఆవిడవి.