హసింతో చెవుల్లో సదాపాకు

చుట్టుపక్కల కర్ర పలకల వాద్యం మారింబా ఏది శ్రుతి తప్పినా హసింతో సాక్ ఇంటికే వచ్చేది. కర్ర పలకను గుండుపుల్లతో కొట్టి వినేవాడు, అడుగున ఉలితో కాస్త గీరి మళ్ళీ వినేవాడు. ఆయన కూడు ఆ చెవుల్లోనే ఉంది.

ఆయన గొంతులో క్యాన్సర్ గడ్డ లేచింది. ఆసుపత్రిలో నరానికి ఎక్కించే మందు దాన్ని కరిగిస్తుంది గానీ చెవుల్ని దెబ్బతీయవచ్చని డాక్టరమ్మ ముందే చెప్పింది. పసుపు నుంచి తీసిన గుళికలు చెవుల్ని కాపాడతాయేమోనని అక్కడ పరీక్షిస్తున్నారు.

"కొందరికి పసుపు, కొందరికి వట్టి పిండి. మీకేది వచ్చిందో నాకూ తెలీదు పెద్దాయనా."

"దేవుడికి తెలుసుగా, చాలమ్మా" అన్నాడు హసింతో.

పక్కింటి తోమాసకు అది నచ్చలేదు. ఆదివారం చర్చిలో పూజ ముగించుకుని, నూనెలో నలిపిన సదాపాకు తెచ్చింది.

"పిండో పసుపో తెలియని మందేం మందు తమ్ముడూ? ఇది పెట్టుకో. చిన్నప్పుడు మా అమ్మ పెట్టింది, ఇప్పటికీ పక్కింటి గుసగుసలు వినపడతాయి నాకు."

"అది వీధంతా ఎరిగిందే అక్కా" అంది హసింతో భార్య ఫ్లోరిడాల్మా.

ప్రేమతో తెచ్చినదాన్ని కాదనలేక ఆయన చెవులు అప్పగించాడు.

ఆ వారమే వినికిడి పరీక్ష. కాగితం చూసి డాక్టరమ్మ మొహం ముడుచుకుంది. "బాగా తగ్గింది. మందు మారుద్దాం. కొత్తది చెవుల జోలికి పెద్దగా పోదు, కానీ గడ్డ మీద దీనంత పట్టుండదు."

ఫ్లోరిడాల్మా జపమాల గట్టిగా పట్టుకుంది. పరీక్ష చేసిన ఇడాలియా మాత్రం ఆయన దగ్గరగా వంగి వాసన చూసింది.

"సదాపాకు పెట్టారా?"

"తీసేశాననే అనుకున్నానమ్మా."

దీపం వేసి చూస్తే రెండు చెవుల్లోనూ లోతుగా ఆకు ముద్ద.

"చెప్పొద్దా తాతా?"

"నువ్వడగలేదుగా."

"నిజమే, చూడకుండానే హెడ్‌ఫోన్లు తగిలించాను. డాక్టరమ్మ తిట్లు చెరిసగం పంచుకుందాం" అని, గోరువెచ్చని నీళ్ళతో ఓపిగ్గా కడిగింది. మళ్ళీ పరీక్షిస్తే బాగా పైస్థాయి సన్నటి శబ్దాలు కొన్ని మాత్రమే పోయాయి. పాత మందే సాగింది. గడ్డ కరిగింది. మిగిలిన వినికిడి గుళిక చలవో కాదో ఇప్పటికీ ఎవరూ చెప్పలేదు.

హసింతో మళ్ళీ ఉలి పట్టాడు. ఆ పైస్థాయిలో పలికే చివరి చిన్న పలకల దగ్గరికి వచ్చేసరికి గోడ మీదుగా తోమాసను పిలుస్తాడు. ఆమె పొయ్యి మీది బీన్స్ దించి వచ్చి ఎదురుగా కూర్చుంటుంది. ఆయన పెద్ద పలక కొట్టి, చిన్నది కొడతాడు.

"పిల్ల తల్లిలాగే పలుకుతోందా అక్కా?"

"ముక్కుతో పాడుతోంది. ఇంకాస్త గీరు."

ఆమె తెచ్చే సదాపరెమ్మను ఆయన ఇప్పుడు టోపీకి పెట్టుకుంటాడు.