వేటగాడి కోటు

లక్ష్మీకాంతం గారు ఏడో తరగతి ఫస్టున ప్యాసయ్యారు, రెండుసార్లు వార్డు మెంబరుగా గెలిచారు. లాక్‌డౌన్‌లో ఐర్లండ్ దేశపు క్లాండాల్కిన్‌లోని కూతురింట్లో ఇరుక్కుపోయాక, ఈ ఘనతలు వినేందుకు మనవరాలు ఆశ్రిత తప్ప దిక్కులేదు.

ఆ పిల్ల ఆన్‌లైన్ క్లాసు కోసం ఉత్తర కెనడా ఆదివాసుల పాత ఫోటో చూస్తోంది. బొచ్చుతోళ్ల వర్తకుడి కొట్టు ముందు ఒక వేటగాడు దొరకోటు తొడుక్కుని నిలబడ్డాడు.

“ఆ కోటు ఆయనది కాదమ్మా. ఫోటో కోసం తొడిగించారు. చేతులు చూడు, వేళ్లే కనబడవు.”

“మీకన్నీ తెలుసంటారు తాతా. ప్రూఫ్ ఏది?”

నమ్మించాలంటే ఒకటే దారి. ఇన్నాళ్లూ బెజవాడలో కుట్టించానని చెప్పుకున్న సూటులో దిగిన తన ఫోటోను ఫోన్‌లో తీసి చూపించారు.

“ఇదీ స్టూడియో వాళ్లదే. వెనక పిన్నులు పెట్టారు.”

ఆశ్రిత నవ్వాపుకుంటూ రాసుకుంది. తన మాట ఒకరు రాసుకోవడం ఆయనకదే మొదలు. ఆ ఉత్సాహంలో, అడక్కపోయినా, ప్యాంటు కూడా తనది కాదని చెప్పారు.