వానలో దొరికిన సూదిమందు

అనంతపురంలో నెలల తరువాత పడిన వానకు సూదిమందు కల్తీ అంటగట్టిన ఘనుణ్ణి నేనే. రాళ్లు తర్వాత వేద్దురుగాని, ముందు వినండి.

పాలలో పశువుల మందును పట్టే సెన్సర్ మీద నేను పరిశోధన చేస్తున్న రోజులవి. మందు అణువు చుట్టూ ప్లాస్టిక్ లాంటి పొరను గట్టిపరిచి, ఆ అణువును కడిగేస్తే దాని ఆకారంలో గుంత మిగులుతుంది. పాలలో అదే మందు ఉంటే వచ్చి ఆ గుంతలో కూర్చుంటుంది, తెర మీద గీత పైకి లేస్తుంది. అంతే సంగతి. కడిగేటప్పుడు మాత్రం మాటిమాటికీ కొత్త ద్రావణం పోయాలి.

పోస్తానా? మాది నీళ్లకు కరువైన కుందుర్పి. ఒకే బొక్కెన నీళ్లలో ఇంట్లో గిన్నెలన్నీ కడిగిన వంశం. అలాగే ఒక్క గిన్నెడు ద్రావణంలోనే సెన్సర్లన్నీ ముంచి తీశాను. చూపేమో కిటికీలోని తెల్లమబ్బు మీద. అది మెల్లగా ధర్మవరం పట్టుశాలువాగా మారి నా భుజాల మీదికి దిగుతోంది. చప్పట్లు కూడా వినిపించాయి. ఎంత హాయిగా ఉందో!

మరునాడు మా హాస్టలుకు ఓబులమ్మక్క పోసే పాలను పరీక్షించాను. గీత గుత్తి కొండలా లేచింది.

"అక్కా, నీ పాలల్లో మందుండాది!"

"మందు యాడిదప్పా? నా ఎనుముకు సూది ఏసి ఏడాదాయ!"

"మిషను అబద్ధం చెప్పదక్కా."

హాస్టలువాళ్లు పాలు వద్దన్నారు. ఆమె క్యానుతో సహా ల్యాబుకే వచ్చేసింది. "ఈ పాలే నా బతుకప్పా. మళ్లా చూడు," అంది, కళ్లనిండా నీళ్లతో. నా ప్రాణం ఉసూరుమంది. మా గైడు మేడం కూడా వచ్చి నిలబడ్డారు.

మళ్లీ కొండే. కుళాయి నీళ్లు పెట్టాను. కొండే. అంతలో మట్టివాసన, బయట వాన! కలలో నడిచినట్టు కిటికీ దగ్గరికి పోయి, గ్లాసులో నాలుగు చినుకులు పట్టి, అందులోనూ సెన్సర్ ముంచాను.

కొండే.

ఓబులమ్మక్క కళ్లు తుడుచుకుంది. "ఏమప్పా, మబ్బుకు గూడా నేనే సూది ఏసినానా?"

మేడం నా గిన్నె వైపు చూశారు. "ఈ ద్రావణం ఎన్నిసార్లు మార్చినావు?"

"మార్చలేదు మేడం. ఊరికే పారబోయడం ఎందుకని..."

ద్రావణమే మందుతో నిండిపోయి, గుంతల్లో మందు కదలకుండా కూర్చునే ఉందన్నమాట. నేను పట్టుకున్నది నేను పెట్టిన మందునే! సిగ్గుతో చచ్చిపోయాను. వానలోనే వార్డెను దగ్గరికి పరుగెత్తి తప్పు నాదని ఒప్పుకుని, పాలు మళ్లీ పోయించాను.

ఇప్పటికీ ఓబులమ్మక్క నాకు పాలు పోసే ముందు చెంబు ఎత్తిపట్టి, హాస్టలంతా వినేలా అడుగుతుంది: "గ్లాసు కడిగినావా అప్పా? కొత్త నీళ్లతోనేనా?"

అందుకే, ఇకమీదట మబ్బును చూస్తూ ఏదీ కడగనని ఆ మబ్బు మీదే ఒట్టేసి చెబుతున్నాను.