గట్టు మీది వేపచెట్టులో మాంత్రికుడి చిలక

మా చిన్నప్పుడు రమణ పేరు వినపడితే చాలు, మా నాన్న కంచంలోనే చెయ్యి కడిగేసుకుని లేచిపోయేవాడు...

రమణ పక్కింటి పిల్ల. నా ఈడుదే. మా రెండిళ్ళకీ పొలం గట్టు దగ్గర తగాదా. గట్టు మీద ఒక వేపచెట్టు... అది మాదని మా నాన్న, తమదని వాళ్ళ నాన్న. ఆ చెట్టు కోసం కర్రలు లేచాయి, తలలు పగిలాయి. పొద్దున్నే వాకిళ్ళు ఊడుస్తూ మా అమ్మా, వాళ్ళమ్మా ఒకరికొకరు శాపనార్థాలు పెట్టుకునేవాళ్ళు.

బడిలో మాత్రం మాది ఒకే బెంచీ...

మా నాయనమ్మ చెప్పే కథల్లో ఒక మాంత్రికుడు ఉండేవాడు. వాడి ప్రాణం ఎక్కడో చెట్టు తొర్రలో, చిలకలో దాచుకున్నాడట. ఆ చిలకను పట్టుకుంటే వాడి మాయలన్నీ విడిపోతాయట. ఆ కథ రమణకు చెప్పాను.

"ఒసేయ్ సుధా, మన నాన్నల మీద కూడా ఎవడో మాయ పెట్టాడే. లేకపోతే ఒక్క చెట్టు కోసం ఇట్టా కొట్టుకుంటారా? ఆ వేపచెట్టు తొర్రలో చిలక ఉంది. నేను చూశా" అంది.

ఇంకేం... మాకంతా అర్థమైపోయింది!

కల్లాల్లో మిరపకాయలు ఎండబోసే రోజులు. పెద్దవాళ్ళంతా అక్కడుండగా, మిట్టమధ్యాహ్నం చెప్పుల్లేని కాళ్ళతో పరిగెత్తాం. నల్లరేగడి కాలిపోతోంది. రమణ వంగింది. దాని వీపెక్కి తొర్రలో చెయ్యి పెట్టాను. పాముంటుందేమోనని ఒకటే దడ... వెచ్చగా, మెత్తగా తగిలింది. ఇంకా ఈకలు కూడా సరిగా రాని చిలకపిల్ల!

చెట్టు దగ్గర కదలిక చూసి, ఎదుటివాడే చెట్టు కొట్టేస్తున్నాడనుకుని, అటు నుంచి మా నాన్న, ఇటు నుంచి వాళ్ళ నాన్న కర్రలతో వచ్చారు.

"పిల్లల్ని ఉసిగొల్పుతావురా? సిగ్గులేదూ?" అని మా నాన్న అరిచాడు.

"నీ కూతురే నా బిడ్డ వీపెక్కి తొక్కుతోంది, కళ్ళు కనపడట్లా?" అన్నాడు వాళ్ళ నాన్న.

రమణ నా చేతిలోంచి చిలకపిల్లను తీసుకుని ఇద్దరి మధ్యకూ వెళ్ళింది. "కొట్టుకోమాకండి నాన్నా... మాంత్రికుడి ప్రాణం దొరికింది. ఇంక మీ మాయ వదిలిపోద్ది" అంది. ఎంత నమ్మకంగా చెప్పిందో...

వాళ్ళ నాన్న దాని చెంప ఛెళ్ళుమనిపించాడు. జారిపోతున్న చిలకపిల్లను అందుకుని, ఎలాగో చెట్టుకు ఎగబాకి తొర్రలో పెట్టేశాను. మా నాన్న నన్ను జుట్టు పట్టి ఇంటిదాకా ఈడ్చుకెళ్ళాడు.

ఆ ఇద్దరు మగాళ్ళూ ఒక్క మాట మీదకు రావడం నేను అప్పుడే చూశాను... ఈ పిల్లలు మళ్ళీ కలవకూడదని! నన్ను వినుకొండలో హాస్టల్లో వేశారు. దాన్ని కనిగిరిలో అమ్మమ్మ దగ్గరకు తోలేశారు.

తర్వాత గాలివానకు ఆ చెట్టు కూలిపోయింది. ఇప్పుడు రెండు పొలాలూ ఒక్కడే కౌలుకు చేస్తున్నాడు. గట్టును ట్రాక్టరుతో దున్నేశాడు. మా పిల్లలకు ఈ తగాదా చెబితే నవ్వుతారు. నాకు మాత్రం నవ్వు రాదు. ఇప్పటికీ ఒళ్ళు మండిపోతుంది...

మొన్న సత్తెనపల్లిలో ఒక పెళ్ళిలో రమణ కనపడింది. ఉరికినట్టు వెళ్ళి చెయ్యి పట్టుకున్నాను. తేరిపార చూసింది. మెల్లగా చెయ్యి విడిపించుకుని, "బాగున్నారాండీ?" అంది.

ఇప్పటి పిల్లలకు ఫలానావాళ్ళతో మాట్లాడొద్దని చెప్పే పనే లేదు... పక్కింట్లో ఎవరున్నారో వాళ్ళకు తెలిస్తే కదా. మీ పెద్దవాళ్ళు విడదీసిన నేస్తం ఎవరైనా ఉంటే, కింద పేరైనా రాయండి...

ముందు నేనే రాస్తున్నాను. రమణ.