మా అత్త తిన్న ఉసిరికాయ

డెబ్బై దాటినా మా అత్త తెల్లారేసరికి కళింగపట్నం ఒడ్డున, పడవల దగ్గర ఉండాల్సిందే. చేపల గంప నెత్తికెత్తుకుంటే ఆవిడ నడకని నేనందుకోలేను. అలాంటి మనిషికి పోయినేడు కాలి బొటనవేల్లో జెల్ల చేప ముల్లు దిగింది. పుండు పడింది. సుగరు లేదు, అయినా ఎంతకీ మానలేదు.

మా వాళ్లకి పుండు పడిందంటే పత్యమే. పులుపు తింటే చీము పడుతుందని చింతపండు, నిమ్మకాయ, ఉసిరి, ఆఖరికి జామకాయ కూడా ముట్టరు. మిరియాలన్నం, కాల్చిన ఎండుచేప, అంతే. ఆ పత్యం రుచి నాకూ తెలుసు. నేను నోరు చేసుకుంటే, "నువ్వూరుకోయే, మా అత్త కాలంనుంచీ ఉన్నదే" అనేది అత్త. నాకు ఒళ్లు మండిపోయేది.

వేలు నల్లబడేసరికి బలవంతాన ఆటో ఎక్కించి శ్రీకాకుళం ఆసుపత్రికి తీసుకుపోయాను. డాక్టరమ్మ పుండు కడిగి, మందులు రాసి, "ఇంకా ముదిరితే వేలు తీసెయ్యాలి" అంది. అత్త మొహం పాలిపోయింది. వేలు పోతే ఇసకలో నడక పోయినట్టే. నడక పోతే ఆవిడకింకేం మిగులుతుంది?

ఏం తింటున్నావని అడిగి డాక్టరమ్మ తల పట్టుకుంది. క్రిములతో పోరాడే కణాలు వయసు మీదపడే కొద్దీ నెమ్మదిస్తాయట. పోరాటంలో పుట్టే విషం వాటికే తగులుతుందట. దాన్ని విరిచే యాంటీ ఆక్సిడెంట్లు ఉసిరిలో, జామలో, నిమ్మలో ఉంటాయట.

"ఉప్పుగాలికి ఇంజిను తుప్పట్టకుండా గ్రీజు పూస్తాం, అలగేనా?" అంది అత్త.

"అలాగే. మందులు మాత్రం మానకు."

మర్నాడు వీధరుగు మీద కూచుని, అందరూ చూస్తుండగా ఉసిరికాయ కొరికింది. ఇరుగుపొరుగు ఆడవాళ్లు గుండెలు బాదుకున్నారు.

"ఒసే, కాలు పోగొట్టుకుంటావేటే!"

"పులుపు తినకుండానే పోబోయినాది గదే! కాలు నాది, నోరు నాది. మీకేటి?"

అమ్మో, ఏం తెగువ! పుట్టినప్పట్నుంచీ నమ్మినదాన్ని నలుగురి ముందూ వదిలెయ్యడం ఎంతమందికి చేతనవుతుంది?

పుండు మానింది. మందుల పుణ్యమో, ఉసిరి పుణ్యమో, డాక్టరమ్మ కూడా తేల్చి చెప్పలేదు. వేలు మిగిలింది, అది చాలు.

మళ్లీ పడవల దగ్గరికి వెళ్లిన మొదటిరోజే, తిరిగొచ్చి గంప దించకుండా నా ముందు నిలబడింది.

"నీ కానుపు కోత మానక ఎంత మూలిగినావో. అప్పుడు నిమ్మసెక్క కూడా నిన్ను ముట్టనియ్యలేదు నాను. తెలవక సేసినానే."

ఎప్పటి మాట! నేను మర్చిపోలేదు. ఆవిడా మర్చిపోలేదని ఆరోజే తెలిసింది. గంప దించుకుని, ఆవిడ భుజం మీద తల పెట్టి ఏడ్చేశాను.