మూడు దెబ్బలకు కదిలే కాళ్లు

మా డాన్సు మాస్టరు పోయారు. చాంపియన్ రీఫ్స్ గని కార్మికుల లైన్ల నుంచి మా నాన్నే ఫోన్ చేసి చెప్పాడు. "మీ మాస్టరు ఎల్లిపోయినాడమ్మా. పొద్దున కాఫీ తాగి కుర్చీలో కూచున్నోడు కూచున్నట్టే. వచ్చేటప్పుడు ఆ పట్టా ముక్క ఎత్తుకోని రా" అన్నాడు. నేను రాబర్ట్‌సన్‌పేటలో పిల్లలకు డాన్సు నేర్పుతాను. మాస్టరు ఇచ్చిన రైలు పట్టా ముక్క నా క్లాసులోనే వేలాడుతూ ఉంటుంది. దాన్ని విప్పుతూ బాగా ఏడ్చాను. అయినా ఇది ఏడుపు కథ కాదు, ముందే చెబుతున్నా.

మాస్టరుకు డాన్సు ఎవరూ నేర్పలేదు. గనిలోకి మనుషుల్ని దించే ఇనుప బోను దగ్గర గంట కొట్టడం ఆయన ఉద్యోగం. బోనును నడిపే ఇంజను డ్రైవరు ఎక్కడో లోపల కూర్చుంటాడు, అతనికి వినిపించేది గంట ఒక్కటే. నడుస్తున్నప్పుడు ఒక దెబ్బ కొడితే ఆపు. రెండు కొడితే దించు. మూడు కొడితే మనుషులు ఎక్కారు, జాగ్రత్త. మా లైన్లలో పాలు తాగే పిల్లలకు కూడా ఈ సంగతి తెలుసు.

తొంభైలలో డాన్సు పాటలు మా ఊరి మీద వచ్చి పడ్డాయి. తమిళం, తెలుగు, హిందీ, భాష ఏదైతేనేం, దరువు మొదలైతే టీ అంగడిలో గ్లాసులు కడిగేవాడి నడుము కూడా ఊగేది. మాస్టరు డ్యూటీ దిగి, స్నానం చేసి, తళతళలాడే చొక్కా వేసుకుని టేప్‌రికార్డరు అరుగు మీద పెట్టేవారు. క్యాసెట్లన్నీ తిరగేసిన పాత గని టోపీలో ఉండేవి. పట్టా ముక్కను దూలానికి వేలాడదీసి ఇనుప కడ్డీతో కొడుతూ నేర్పేవారు. ఒకటికి ఎక్కడివాళ్లక్కడ బిగుసుకుపోవాలి. రెండుకు మోకాళ్లు వంచాలి. మూడుకు అందరూ కలిసి ఎగరాలి. నిజం చెప్పొద్దూ, ఆయన స్వయంగా ఆడితే మేం నవ్వాపుకోలేక చచ్చేవాళ్లం. నేర్పడంలో మాత్రం ఆయనకు సాటి లేదు.

"పాట టేపులో ఉంటే ఏం లాబమప్పా? కాల్లోకి దిగల్ల" అనేవారు. ఎవరైనా మొహం గంటు పెట్టుకుని ఆడితే కడ్డీ పక్కన పెట్టేసేవారు. "కింద చీకట్లో పన్జేసి వచ్చినోల్లు చూస్తా ఉండారు. నగతా ఆడు తల్లీ."

ఒక ఏడాది రాబర్ట్‌సన్‌పేటలో పోటీ పెట్టారు. మా నాన్న ససేమిరా అన్నాడు. "ఆడపిల్ల స్టేజీ ఎక్కి గంతులేసేది యాడన్నా ఉండాదా?" మాస్టరు మా గడపలో చెప్పులు విడిచి నిలబడ్డారు. "ఈ ఒక్క తూరి పంపించన్నా. గెలవకపోతే ఇంగ నీ బిడ్డను ఆడమని నేను అడగను." నాన్న సరేనన్నాడు. ఓడిపోతే నా డాన్సు ఆ సాయంత్రంతో సరి.

స్టేజీ మీద మా జట్టు ఇరగదీస్తోంది. పాట మంచి ఊపులో ఉండగా, ఇంక ఒక్క నిమిషమే ఉందని గుర్తుచేయడానికి నిర్వాహకులు టంగుమని ఒక గంట కొట్టారు. ముందే చెప్పారు, మేమూ విన్నాం. విన్నది చెవులు, కాళ్లు కాదు కదా! ఒక్క దెబ్బ పడగానే అందరం ఎక్కడివాళ్లం అక్కడ బిగుసుకుపోయాం. నా కాలు ఒకటి గాలిలోనే ఉంది. పాట మోగుతూనే ఉంది, మేం మాత్రం కదల్లేదు. అవతలి జట్టు పకపకా నవ్వింది. చివరి వరుసలో నాన్న చేతులు కట్టుకుని నిలబడి ఉన్నాడు. అయిపోయింది నా పని అనుకున్నాను.

అప్పుడు పందిరి ఇనుప స్తంభం మీద మూడు దెబ్బలు వినిపించాయి. మాస్టరు! దేంతో కొట్టారో ఇప్పటికీ తెలియదు. మేం ఒక్కసారిగా ఎగిరాం. ముందు కూర్చున్నవాళ్లలో సగం మంది గని కార్మికులే, ఏం జరిగిందో వాళ్లకు చెప్పాలా? లేచి నిలబడి ఈలలు వేశారు. కాళ్లతో నేల మీద దరువేశారు. ఆ చప్పుడులో పాట వినబడలేదు, మాకు దాంతో పనీ పడలేదు.

షీల్డు మాకే వచ్చింది. "మధ్యలో ఆ ఆగడం భలే పెట్టారండీ" అని జడ్జి మెచ్చుకుంటే మాస్టరు తొణక్కుండా, "శానా ప్రాక్టీసు చేసినాము సార్" అన్నారు. ఇంటి గుమ్మంలో నాన్న, "ఆ పాత పావడాతో స్టేజీ ఎక్కొద్దు. కొత్త డ్రెస్సు కుట్టిస్తా" అన్నాడు.

తర్వాత గని మూతపడింది. నేను క్లాసు మొదలుపెట్టిన రోజు మాస్టరు పట్టా ముక్క భుజాన మోసుకొచ్చి, "ఇంగ ఇది నీది" అన్నారు. నా బతుకు తెరువు, నా పేరు, అన్నీ ఆయన పెట్టిన భిక్షే.

సాగనంపేటప్పుడు ఆటాపాటా మా లైన్లలో మామూలే. డప్పుకు బదులు ఆ పోటీ పాటే పెట్టాం. పాత జట్టంతా వచ్చింది, పొట్టలతో, మోకాళ్ల నొప్పులతో. గొయ్యి దగ్గర నాన్న నా చేతిలోంచి కడ్డీ తీసుకుని పట్టా ముక్క మీద మూడు కొట్టాడు. తాళ్లు పట్టుకున్నవాళ్లు జాగ్రత్తగా పట్టు బిగించారు. రెండు కొట్టాడు. మాస్టరు మెల్లగా కిందికి దిగారు.

పద్ధతి ప్రకారం ఇక ఒకటి కొట్టాలి. నాన్న కడ్డీ ఎత్తాడు. స్పీకరులో పాట మోగుతోంది, మా కాళ్లు అప్పటికే మొదలుపెట్టేశాయి. మావైపు చూసి కడ్డీ నా చేతిలో పెట్టేశాడు.

"అది నా వల్ల కాదమ్మా. మీరు ఆడండి" అన్నాడు.

ఆడాం, నవ్వుతూనే. ఆ ఒక్క దెబ్బ ఎవరూ కొట్టలేదు.